ఆగింది సరే, ఎప్పుడు ఆగింది?

అమీర్‌పేట సిగ్నల్ దగ్గర రెడ్ పడింది. ఏసీ నడుస్తోంది, గేరు న్యూట్రల్‌లో ఉంది. ఉన్నట్టుండి స్టీరింగ్ వణికింది, ఆర్‌పీఎం ముల్లు రెండుసార్లు ఊగి సున్నాకి పడిపోయింది. వెనక నుంచి హారన్లు. సెల్ఫ్ కొడితే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్ట్ అయింది. సాయంత్రం మెకానిక్ దగ్గర అరగంట నడిపించి చూసినా మిస్సింగ్, అంటే మంట తప్పడం, జాడే లేదు. ఇలాంటి బండికి మన ఊళ్లో మామూలుగా జరిగే వైద్యం తెలిసిందే. ముందు ప్లగ్గులు మారుస్తారు, తగ్గకపోతే ప్లగ్గులకి కరెంటిచ్చే కాయిల్స్, అప్పటికీ తగ్గకపోతే ఫ్యూయల్ పంపు. బిల్లు పెరుగుతూ పోతుంది, బండి ఈసారి ఖైరతాబాద్ దగ్గర ఆగుతుంది.

పార్టుల మీద చెయ్యి వేసేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: బండి ఎప్పుడు ఆగింది? ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా, బాగా వేడెక్కాకా? నిలబడి ఉన్నప్పుడా, ఫ్లైఓవర్ ఎక్కుతున్నప్పుడా? ఏసీ వేస్తేనా, బ్రేక్ తొక్కితేనా, పెట్రోల్ కొట్టించి బంక్ దాటగానేనా? ఈ జవాబులు చాలాసార్లు బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్ కన్నా ఎక్కువ చెబుతాయి.

మొదట సిగ్నల్ సంగతే చూద్దాం. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి మూడే సిలిండర్లు. ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా వదిలేసినప్పుడు, ఇంజిన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతోందనుకుందాం. ఒక్కో సిలిండర్ రెండు చుట్లకోసారి మండుతుంది కాబట్టి మూడూ కలిపి సెకనుకు 20 మంటలు. ఆ కాస్త శక్తితోనే లోపలి రాపిడిని తట్టుకోవాలి, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను తిప్పాలి, ఏసీ కంప్రెసర్‌నీ లాగాలి. మిగులు దాదాపు ఉండదు. అవుటర్ రింగ్ రోడ్డు మీద 2500 చుట్లతో పోతున్నప్పుడు ఒక మంట తప్పినా ఆ ఊపే బండిని లాక్కుపోతుంది. సిగ్నల్ దగ్గర వరసగా నాలుగు తప్పితే ఆఫ్. అందుకే ఎప్పటినుంచో లోలోపల ఉన్న లోపం కూడా ఐడ్లింగ్‌లోనే బయటపడుతుంది.

మంట రావాలంటే కావలసినవి గాలి, పెట్రోల్, స్పార్క్, మిశ్రమాన్ని గట్టిగా నొక్కే కంప్రెషన్. ఇవన్నీ సరైన క్షణంలో కలవాలి. కంప్రెషన్ సాధారణంగా ఒక్కరోజులో పోదు, కాబట్టి నిన్నటిదాకా బాగుండి ఇవాళ మొరాయించిన బండిలో మిగతా మూడింటినే ముందు అనుమానించాలి.

స్పార్క్‌తో మొదలుపెడదాం. ఏ సిలిండర్‌లో మంట తప్పిందో ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుందన్నది, నాకు ఇంజిన్ మొత్తంలో అన్నిటికన్నా ముచ్చటగా అనిపించే సంగతి. సిలిండర్ లోపల మంటను చూసే కన్నేమీ లేదు. ఉన్నదల్లా పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ చివర ఒక పళ్ల చక్రం, దాని పక్కన ఒక సెన్సర్. చాలా కార్లలో ఆ చక్రానికి 60 పళ్లకు చోటుంటుంది, కానీ రెండు పళ్లు కావాలనే వదిలేస్తారు. ఆ ఖాళీ దాటినప్పుడల్లా చుట్టు ఎక్కడ మొదలైందో కంప్యూటర్ గుర్తిస్తుంది. 800 చుట్ల దగ్గర ఒక్కో పన్ను సెన్సర్ ముందు నుంచి దాటడానికి సుమారు 1.25 మిల్లీసెకన్లు పడుతుంది. సిలిండర్ మండినప్పుడు క్రాంక్ కాస్త వేగం పుంజుకుంటుంది, ఆ పళ్లు ఒక పిసరు ముందే దాటిపోతాయి. మంట తప్పితే ఆ పిసరు రాదు. ఆ తేడాని లెక్కగట్టి, అది ఏ సిలిండర్ వంతో చూసుకుని, కంప్యూటర్ ఒక కోడ్ రాసిపెడుతుంది. రెండో సిలిండర్ అయితే పీ0302, మూడోది అయితే పీ0303. ఏది అని తేలకుండా అన్నిట్లోనూ తప్పుతుంటే పీ0300. ఇలా లోపాలను గుర్తుపెట్టుకుని చూపించే ఓబీడీ-2 పద్ధతిని అమెరికా 1996లో కార్లకు తప్పనిసరి చేసింది. మన దేశంలో అది 2013లో వచ్చింది.

పీ0302 వచ్చిందంటే రెండో కాయిల్ పోయిందని కాదు. రెండో సిలిండర్ మండలేదని మాత్రమే. కారణం కాయిల్ కావచ్చు, ప్లగ్ కావచ్చు, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ కావచ్చు. తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. ఇంజిన్ ఆఫ్ చేసి, ప్లగ్ మీద కూర్చునే రెండో కాయిల్‌ని విప్పి మూడో దానిలో పెట్టాలి, మూడోదాన్ని ఇటు తేవాలి. కోడ్ చెరిపేసి నడిపితే ఇప్పుడు పీ0303 వచ్చిందనుకోండి, దొంగ దొరికాడు: కాయిల్‌తో పాటే లోపమూ ఇల్లు మారింది. పీ0302 అక్కడే ఉండిపోతే కాయిల్ మంచిదే, అప్పుడు ప్లగ్గులు అటూ ఇటూ మార్చి చూడాలి. రాణీగంజ్‌లో కొత్త కాయిల్ కొనే ముందు ఈ పదిహేను నిమిషాల పని చేసే మెకానిక్ దొరికితే ఆయన్ని వదులుకోవద్దు.

చెక్ ఇంజిన్ లైట్ వెలిగి నిలకడగా ఉంటే తీరిక చూసుకుని చూపించుకోవచ్చు. టప టపా కొట్టుకుంటూ ఉంటే మాత్రం వెంటనే పక్కకి తీసి ఆపాలి. మండని పెట్రోల్ సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది, దాని లోపలి సిరామిక్ జల్లెడ కరిగిపోయేంత వేడి పుడుతుంది. అందులో ప్లాటినమ్, పల్లాడియమ్, రోడియమ్ ఉంటాయి. చిన్న కాయిల్‌తో పోయే ఖర్చు ఎక్కడికి వెళ్తుందో ఇక చెప్పక్కర్లేదు.

ఇప్పుడు గాలి. హైదరాబాద్ సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. తీరంలో 101 కిలోపాస్కల్స్ ఉండే గాలి పీడనం ఇక్కడ 95 దగ్గరే ఉంటుంది. కీ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా స్కానర్‌లో, ఇన్‌టేక్ గొట్టంలోని గాలి పీడనాన్ని కొలిచే మ్యాప్ సెన్సర్ విలువ చూస్తే ఆ 95 కనిపించాలి. చాలా తేడాగా కనిపిస్తే సెన్సర్ మీదే అనుమానం. స్టార్ట్ చేశాక, వేడెక్కిన ఇంజిన్ ఐడ్లింగ్‌లో అది 30, 40 మధ్యకి దిగుతుంది. అంటే ఇంజిన్‌కి గాలి వెళ్లే ఆ గొట్టం లోపల బయటికన్నా చాలా తక్కువ పీడనం ఉంది. చిన్న రబ్బర్ పైపు చిట్లితే చాలు, అక్కడి నుంచి గాలి లోపలికి దూసుకొస్తుంది. గాలి ప్రవాహాన్ని నేరుగా కొలిచే సెన్సర్ ఉన్న బండ్లలో ఈ దొంగ గాలి లెక్కలోకి రాదు. పెట్రోల్ పాళ్లు చాలక మిశ్రమం పల్చబడి ఇంజిన్ వణుకుతుంది. మ్యాప్ సెన్సర్‌తోనే లెక్క కట్టే బండ్లలో ఐడ్లింగ్ పెరిగిపోవడమో, పైకీ కిందికీ ఊగడమో ఎక్కువ. బ్రేక్ తొక్కినప్పుడు మాత్రమే ఇంజిన్ చప్పుడు మారుతోందంటే ఇంజిన్ పీల్పుతో బ్రేక్‌ని తేలిక చేసే బ్రేక్ బూస్టర్‌నీ దాని పైపునీ చూడాలి.

స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అని ఒక అంకె ఉంటుంది. అనుకున్న పెట్రోల్‌కి కంప్యూటర్ ఎంత శాతం కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో అది చెబుతుంది. అటూ ఇటూ 10 లోపు ఉంటే కంగారు అక్కర్లేదు. ఐడ్లింగ్‌లో ప్లస్ 20 ఉండి, రేస్ ఇచ్చి 2500 దగ్గర పట్టుకుంటే 3కి పడిపోయిందనుకోండి, ఎక్కడో గాలి లీక్ అవుతోంది. ఇంజిన్ ఎక్కువ గాలి పీల్చేటప్పుడు ఆ లీకు పెద్ద లెక్కలోకి రాదు కాబట్టి అంకె దిగుతుంది. ఐడ్లింగ్‌లో బాగుండి, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద గట్టిగా తొక్కినప్పుడు పెరిగితే పెట్రోల్ చాలినంత రావడం లేదు. పంపో, ఫిల్టరో. రేస్ ఇస్తే జబ్బు తగ్గుతోందా పెరుగుతోందా అన్న ఈ ఒక్క పరీక్షతో సగం అనుమానితులు తప్పుకుంటారు.

ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీలో పేరుకునే మసి మామూలు బెడద. ఐడ్లింగ్‌లో గాలి వెళ్లే సందు చాలా సన్నం, అది పూడుకుపోతే ఏసీ ఆన్ కాగానే ఇంజిన్ కుంగిపోతుంది. శుభ్రం చేయించాక కొన్ని బండ్లలో ఐడ్లింగ్‌ని మళ్లీ నేర్పించాలి, లేకపోతే క్లీనింగ్ తర్వాతే ఎక్కువైందని తిట్టుకుంటాం.

వేడెక్కాకే ఆగే బండి కథ వేరు. మే నెల ఎండలో గంటసేపు ట్రాఫిక్‌లో నడిచి ఆగుతుంది, ఎంత సెల్ఫ్ కొట్టినా పట్టదు, అరగంట చల్లారాక ఏ మందూ వెయ్యకుండానే స్టార్ట్ అవుతుంది. అంబాసిడర్ల కాలంలో దీనికి వేపర్ లాక్ కారణం: ఫ్యూయల్ పంపు వేడికి పెట్రోల్ ఆవిరైపోతే డ్రైవర్లు దాని మీద తడిగుడ్డ వేసేవారు. ఇప్పటి కార్లలో పంపు ట్యాంకులోనే పెట్రోల్‌లో మునిగి, ఒత్తిడితో నెడుతుంది కాబట్టి ఆ బాధ చాలావరకు పోయింది. ఇప్పుడు ముందుగా అనుమానించాల్సింది ఇందాకటి పళ్ల చక్రం పక్కనున్న క్రాంక్ సెన్సర్‌నే. వేడికి దాని లోపలి తీగో సర్క్యూటో తెగినట్టయి, చల్లారితే మళ్లీ అతుక్కుంటుంది. సెన్సర్ మాట్లాడకపోతే ఇంజిన్ తిరుగుతున్నట్టే కంప్యూటర్‌కి తెలియదు, స్పార్క్ ఇవ్వదు, పెట్రోల్ కొట్టదు. పట్టుకోవడం మాత్రం తేలిక. బండి ఆగిన ఆ చోటే సెల్ఫ్ కొడుతూ స్కానర్‌లో ఆర్‌పీఎం చూడాలి. ఇంజిన్ గిరగిరా తిరుగుతున్నా అంకె సున్నా దగ్గరే ఉంటే సెన్సరో, దాని వైరో. చల్లారాక చూస్తే అన్నీ బాగానే ఉంటాయి, అందుకే మెకానిక్ దగ్గర దొరకదు. సెల్లార్ పార్కింగ్‌లో ఎలుకలుంటే ఆ వైర్లను ముందే చూసుకోవడం మంచిది.

పెట్రోల్ కొట్టించాక ఆగే బండిని చూసి అందరూ బంక్‌ని తిడతారు. ఒక్కసారి జరిగితే ఆ అనుమానం సబబే. మన పెట్రోల్‌లో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీళ్లు ఒక హద్దు దాటితే ఇథనాల్‌ని తనతో లాక్కుని ట్యాంకు అడుగుకు చేరతాయి, పంపు పీల్చేదీ అడుగు నుంచే. కానీ ప్రతిసారీ, ఏ బంక్‌లో కొట్టించినా, ఫుల్ ట్యాంక్ అయిన వెంటనే స్టార్ట్ కావడానికి మొరాయించి వణుకుతోందంటే, పెట్రోల్ ఆవిర్లను ఇంజిన్‌లోకి వదిలే పర్జ్ వాల్వ్ తెరుచుకునే ఉండిపోయి ఉండొచ్చు. అదో చిన్న వాల్వ్. అడక్కపోతే ఎవరూ దాని జోలికి వెళ్లరు.

నడుస్తుండగా ఆఫ్ అయితే స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేక్ ఒకటి రెండుసార్లు మామూలుగానే పనిచేసి, ఆ తర్వాత గట్టిపడుతుంది. కాబట్టి పదే పదే కొట్టకుండా ఒకే తొక్కుడుతో బండిని ఎడమకి తీసి, హజార్డ్ లైట్లు వెయ్యాలి. ఆ తర్వాత మళ్లీ సెల్ఫ్ కొట్టి చూడొచ్చు.

కొట్టకూడని సందర్భం ఒక్కటి: వాన నీళ్లలో ఆగినప్పుడు. మలక్‌పేట రైలు వంతెన కింద లాంటి చోట నీళ్లు ఎయిర్ ఫిల్టర్ దారిలో సిలిండర్‌లోకి పోయి ఉండొచ్చు. మూడు సిలిండర్ల లీటరు ఇంజిన్‌లో పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు పైన మిగిలే జాగా దాదాపు 33 మిల్లీలీటర్లు, రెండు పెద్ద చెంచాలు. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. అంతకు మించి నీళ్లుంటే, సెల్ఫ్ కొట్టగానే పిస్టన్ ఆ నీళ్లకి కొట్టుకుని దాన్ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అలాంటి చోట కీ తీసేసి టోయింగ్ బండికి ఫోన్ చెయ్యాలి. ప్లగ్గులు విప్పించి నీళ్లు బయటికి తీయించాకే సెల్ఫ్ జోలికి వెళ్లాలి.