మూటకో చీటీ, మడికో లెక్క

అమ్ములూ, బుజ్జీ,

నాన్నమ్మ యూరిన్ కల్చర్ రిపోర్టులో కొన్ని మందుల పక్కన ఎస్ అనీ, కొన్నిటి పక్కన ఆర్ అనీ ఎందుకు వేశారని అడిగారు కదా. ఎస్ అంటే క్రిమి ఆ మందుకు లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. క్రిమిని పళ్లెంలో పలచగా పరిచి, మందు అద్దిన కాగితం బిళ్లలు పెట్టి రాత్రంతా వెచ్చగా ఉంచుతారు. బిళ్ల చుట్టూ ఏమీ మొలవని గుండ్రాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. అంతకుముందు క్రిమిని పెంచడానికే ఒక రోజు పోతుంది, అందుకే ఆ ఆలస్యం.

ఇప్పుడు క్రిమి జీనోమ్, అంటే దాని జన్యువుల అక్షరాల వరస మొత్తం కూడా చదువుతున్నారు. ఈ.కోలై అనే క్రిమిలో దాదాపు 50 లక్షల అక్షరాలుంటాయి. అన్నీ చదివేసినా ఏ మందుకు లొంగుతుందో అందులో రాసి ఉండదు మరి!

నా చిన్నతనంలో ఇక్కడ పర్లాకిమిడిలో మా నాన్న రకానికో మూట కట్టి వరి విత్తనాలు దాచేవారు, ప్రతి మూటకీ ఓ చీటీ. మహేంద్రతనయ పొంగి మళ్లు మునిగిన ఏడు, ఏ రకం కుళ్లిందో ఏది తేరుకుందో పుస్తకంలో రాసుకునేవారు. ఒక ఏడు ఎలకలు చీటీలన్నీ కొరికేశాయి. విత్తనాలున్నాయి, పుస్తకం ఉంది, ఏది దేనిదో తెలీదు. నాన్న ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

జీనోమ్ మూటలో విత్తనం, ల్యాబ్ పరీక్ష మునిగిన మడి. రెండిటికీ ఒకే నంబరు ఉండాలి, ఆ నంబరు శ్రద్ధగా రాసే మనిషి మీద నాకు చాలా గౌరవం. అలా వేల క్రిములకు ముడిపెట్టి చూస్తేనే, జైర్‌ఏ అనే జన్యువులో ఫలానా చోట అక్షరం మారినవాటి మీద సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు సరిగా పని చేయట్లేదని తెలుస్తుంది. వరిలోనూ ఇదే పద్ధతి. ఒడిశా నాటు రకం నుంచి వచ్చిన ఎఫ్‌ఆర్ 13ఏ అనే వరి ముంపును ఎందుకు తట్టుకుంటుందో వెతికి, 2006లో సబ్ 1ఏ అనే జన్యువును పట్టుకున్నారు, దాన్ని మన మార్టేరు స్వర్ణ వరిలోకి దించారు.

అయినా మందును తట్టుకునే జన్యువు ఉండి కూడా మందుకు చచ్చిపోయే క్రిములున్నాయి, తెలిసిన జన్యువేదీ లేకుండానే ఎదురు తిరిగేవీ ఉన్నాయి. ఎందుకో తలుచుకుంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

దసరాకి వచ్చినప్పుడు బరంపురంలో తెలిసిన ల్యాబుకి తీసుకెళ్తాను, చెరో స్కేలు తెచ్చుకోండి. పళ్లెం మూత తియ్యకూడదు, బోర్లించి నల్ల గుడ్డ మీద పట్టుకుని అడుగు వైపు నుంచి కొలవాలి.

మీ తాతయ్య