పేరా తీసేసి అడిగి చూశారా? చిన్న భాషా మోడళ్ల పరీక్షపై అపోహలు - వాస్తవాలు

చిన్న భాషా మోడళ్లు (రాత చదివి రాతతో జవాబిచ్చే కృత్రిమ మేధ ప్రోగ్రాములు) తయారుచేసేవాళ్ల నుంచి నెలకు రెండు మూడు సార్లయినా నాకు ఒకే రకం సందేశం వస్తుంది. "మా చిన్న మోడల్‌కు ఒక పేరా ఇచ్చి ఐదు ప్రశ్నలు అడిగాం. ఐదింటికీ సరిగ్గా చెప్పింది. చదివి అర్థం చేసుకుంటోందని తేలినట్టే కదా?"

తేలలేదు. ఇదే మాట ఇన్నిసార్లు విడివిడిగా రాసి విసుగొచ్చింది కాబట్టి ఈసారి అందరికీ కలిపి రాస్తున్నాను.

అపోహ: సమాధానం సరైనదైతే మోడల్ పేరా చదివినట్టే

ఈ అపోహకు నేనూ మూల్యం చెల్లించాను. కొన్నేళ్ల కిందట వంద కోట్ల పారామీటర్ల (శిక్షణలో మోడల్ సర్దుకునే అంకెల) మోడల్ ఒకదాన్ని పరీక్షించి, స్కోరు బాగుందని మా బృందానికి చెప్పేశాను. మర్నాడు లాగ్ ఫైళ్లు తిరగేస్తూ గతుక్కుమన్నాను. ప్రాంప్టు (మోడల్‌కు పంపే పాఠం) తయారుచేసే స్క్రిప్టులో ఒక పేరు తప్పు రాశాను. పేరా ఉండాల్సిన చోట ఖాళీ వెళ్లింది. మోడల్ ఒక్క పేరా కూడా చూడలేదు. అయినా సగానికి పైగా ప్రశ్నలకు సరైన ఆప్షన్ ఎంచుకుంది! తప్పు దిద్ది మళ్లీ నడిపితే స్కోరు పెరిగింది గానీ, చూసి ఊరట పడేంతగా పెరగలేదు.

చూడని పేరాకు సమాధానం ఎలా చెప్పగలిగింది? దారులు చాలా ఉన్నాయి. ప్రశ్న లోకజ్ఞానానికి సంబంధించినదైతే శిక్షణలో చదివినదే చాలు. ప్రశ్నలు రాసేవాళ్లు సరైన ఆప్షన్‌ను తెలియకుండానే కాస్త పొడుగ్గా, జాగ్రత్తగా రాస్తారు. మోడల్ ఆ వాసన పట్టేస్తుంది. తప్పు ఆప్షన్లలో 'ఎప్పుడూ', 'అందరూ' లాంటి మాటలు దొర్లుతాయి. పేరా ఇచ్చినప్పుడు కూడా, ప్రశ్నలోని మాటలు ఏ వాక్యంలో ఎక్కువగా కనిపిస్తే ఆ వాక్యం నుంచి ఒక ముక్క తెంపి ఇచ్చేస్తుంది.

ఇది నా ఒక్కడి అనుభవమేమీ కాదు. రెండు వాక్యాలిచ్చి, మొదటిదాని నుంచి రెండోది తేలుతుందా, దానికి విరుద్ధమా, రెండూ కాదా అని అడిగే ఎస్ఎన్ఎల్ఐ అనే పరీక్ష ఉంది. మొదటి వాక్యాన్ని దాచేసి రెండోదే చూపించినా ఒక సాధారణ వర్గీకరణ మోడల్ 67 శాతం దాకా సరిగ్గా చెప్పిందని 2018లో పరిశోధకులు చూపించారు. మూడే ఆప్షన్లున్నచోట గుడ్డిగా కొడితే వచ్చేది 33.

స్టాన్‌ఫోర్డ్ వాళ్లు 2016లో విడుదల చేసిన స్క్వాడ్ కథ ఇంకా విచిత్రం. వికీపీడియా పేరాలపై లక్షకు పైగా ప్రశ్నలున్న పరీక్ష అది. 2018 జనవరికల్లా కొన్ని మోడళ్లు అక్షరం పొల్లుపోకుండా సమాధానం ఇవ్వడంలో మనుషుల స్కోరును దాటేశాయి. యంత్రాలు మనకన్నా బాగా చదువుతున్నాయని వార్తలు వచ్చాయి. అయితే అంతకు ముందు ఏడాదే రాబిన్ జియా, పెర్సీ లియాంగ్ అనే పరిశోధకులు ఒక చిన్న పని చేసి చూపించారు. ప్రతి పేరా చివర ఒక దారి తప్పించే వాక్యం చేర్చారు. దానిలో ప్రశ్నలోని మాటలే ఉంటాయి, విషయం మాత్రం వేరు. మనిషికి దానితో పెద్ద ఇబ్బంది లేదు. పదహారు మోడళ్ల సగటు స్కోరు మాత్రం 75 నుంచి 36కు పడిపోయింది. పేరాలో జవాబే లేని యాభై వేలకు పైగా ప్రశ్నలను స్క్వాడ్ రెండో రూపంలో చేర్చింది ఆ తర్వాతే.

కాబట్టి ఇప్పుడు నా దగ్గరకు ఏ మోడల్ వచ్చినా మొట్టమొదట పేరా లేకుండానే పరీక్ష నడుపుతాను. ఆ స్కోరు ఒక మూల రాసిపెట్టుకుంటాను. పేరా ఇచ్చాక దానిమీద ఎంత పెరిగిందన్నదే నా లెక్క. తర్వాత పేరాలోని సంగతులను లోకజ్ఞానానికి ఎదురు తిప్పుతాను. "ఆ గ్రహం మీద నీళ్లు 40 డిగ్రీలకే మరుగుతాయి" అని రాసి, అక్కడ నీళ్లు ఎప్పుడు మరుగుతాయని అడుగుతాను. 100 అని జవాబు వస్తే అది జ్ఞాపకశక్తి. పేరా దాకా చూపు వెళ్లలేదు. చిన్న మోడళ్లు ఇక్కడ తడబడటం నేను ఎంతగా చూశానంటే, తడబడకపోతే ముందు నా స్క్రిప్టునే అనుమానిస్తాను. ఆ తర్వాత పేరాలో లేని సంగతి అడుగుతాను. "పేరాలో చెప్పలేదు" అనగలగడం పెద్ద విద్య. చివరగా ఆప్షన్ల వరుస మారుస్తాను. 'ఎ' చోట ఉన్నది 'సి' చోటికి వెళ్లగానే మనసు మార్చుకునే మోడల్‌ను నమ్మి ఏ పనీ అప్పగించలేం.

తర్కం సంగతీ ఇంతే. 2021లో వచ్చిన జీఎస్ఎం8కె అనే పరీక్షలో ఎనిమిదిన్నర వేల బడి లెక్కలున్నాయి. అవి ఇంటర్నెట్ నిండా పాకిపోయాయి, శిక్షణ డేటాలోకీ చేరే వీలుంది. 2024లో ఆపిల్ పరిశోధకులు ఆ లెక్కల్లో పేర్లు, అంకెలు మార్చి అడిగితే స్కోర్లు తగ్గాయి. లెక్కతో సంబంధం లేని ఒక్క ముక్క చేర్చి అడిగితే మరీ ఘోరం: కొన్ని మోడళ్లలో తగ్గుదల 65 శాతం దాకా వెళ్లింది. కోసిన కివీ పండ్లలో ఐదు కాస్త చిన్నవి అని చెబితే చాలు, కొన్ని మోడళ్లు మొత్తం నుంచి ఐదు తీసేశాయి. పండు చిన్నదైనంత మాత్రాన లెక్కలోంచి పోతుందా? పోదని పిల్లలకు తెలుసు. లెక్కల పుస్తకంలో ప్రతి అంకెనూ ఎక్కడో ఒకచోట వాడాల్సిందే అన్న అలవాటు మోడల్‌ది. నిజం చెప్పాలంటే ఆ అలవాటు బడిలో నాకూ ఉండేది.

అపోహ: దశలవారీగా వివరించింది కాబట్టి అలాగే ఆలోచించింది

వివరణ రాయించడం వల్ల జవాబు మెరుగుపడవచ్చు. కానీ ఆ వివరణే జవాబుకు కారణమని అనుకోకండి. ప్రాంప్టులోని ఉదాహరణలన్నిటికీ 'ఎ' సరైన జవాబయ్యేలా అమర్చితే మోడళ్లు ఆ వైపు మొగ్గాయని, తమ వివరణలో మాత్రం ఆ ప్రభావం ఊసే ఎత్తలేదని 2023లో ఒక అధ్యయనం చూపించింది. చిన్న మోడళ్లలో ఇంకో వింత తరచూ కనిపిస్తుంది: దశలన్నీ తప్పు, జవాబు ఒప్పు. రెండూ విడివిడిగా దిద్దండి.

అపోహ: ఇరవై ప్రశ్నలు చాలు

చాలవు. వంద ప్రశ్నల్లో 60 సరైనవైతే, అసలు సామర్థ్యం 50 నుంచి 70 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఇరవై ప్రశ్నల్లో ఒక మోడల్‌కు 14, ఇంకోదానికి 12 వస్తే మొదటిది మేలని వాదించేవాళ్లతో నేను మాట్లాడటం మానేశాను.

అపోహ: టెంపరేచర్ సున్నా పెడితే ప్రతిసారీ అదే జవాబు

టెంపరేచర్ అంటే మోడల్ మాటలు ఎంచుకోవడంలో ఎంత యాదృచ్ఛికత ఉండాలో చెప్పే సెట్టింగ్. సున్నా పెడితే దాదాపుగా అంతే, పూర్తిగా కాదు. ఒకేసారి ఎన్ని ప్రశ్నలు కలిపి పంపారన్నదాన్ని బట్టి కూడా దశాంశాల లెక్క కొంచెం మారి జవాబు మారవచ్చు.

అపోహ: ఇంగ్లీషు పరీక్షను అనువదిస్తే తెలుగు పరీక్ష తయారవుతుంది

ఇది కాస్త నిలబడి మాట్లాడాల్సిన సంగతి. అనువాద పరీక్షలను తీసిపారేయడం లేదు. మెటా 2023లో విడుదల చేసిన బెలెబెలెలో తెలుగుతో సహా 122 భాషారూపాలున్నాయి, ఒక్కోదానిలో అవే 900 ప్రశ్నలు. భాషల మధ్య పోలికకు దానికి మించినవి తక్కువే. కానీ అనువాదంలో మన భాష అసలు మెలికలు చాలా వరకు సాపు అయిపోతాయి.

"విమలకు లలిత ఉత్తరం రాసింది." రాసింది ఎవరు? ముందు వచ్చిన పేరే కర్త అనుకునే అలవాటున్న మోడల్ విమల అంటుంది. 'కు' చూసి ఆగడం దానికి రాదు. "లలిత విమలకు పుస్తకం ఇచ్చింది. చదివి మర్నాడే తిరిగి ఇచ్చేసింది." చదివింది ఎవరో వాక్యంలో లేదు, మనకు మాత్రం తెలుసు. "చెప్పకుండా ఉండలేకపోయాడు": చెప్పాడా, లేదా? రెండు వ్యతిరేకార్థాలు కలిసేసరికి చిన్న మోడల్ తికమకపడి చెప్పలేదని తేలుస్తుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది "వంతెన కూలిందట". ఇది రాసినవాడు వంతెన కూలడం చూశాడా అని అడగండి. ఆ చివరి 'ట' ఒక్కటే జవాబు. నేను ఇలాంటివి కొన్ని వందలు సొంతంగా రాసుకున్నాను, ఎక్కడా బయట పెట్టలేదు. పెడితే రేపటి శిక్షణ డేటాలో తేలతాయి.

అపోహ: సున్నా వచ్చింది, మోడల్ పనికిరాదు

ఈ మాట భయంతో అడిగేవాళ్లే ఎక్కువ, వాళ్లమీద నాకు కోపం లేదు. ఆ మధ్య ఒక విద్యార్థిని రాసింది. నెలల తరబడి శిక్షణ ఇచ్చిన మోడల్‌కు నాలుగు ఆప్షన్ల పరీక్షలో సున్నా వచ్చిందట. ప్రాజెక్టు వదిలేయాలా అని అడిగింది.

అమ్మా, నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని గురిపెట్టినా 25 వస్తుంది. ఏమీ రాకపోవడం వల్ల సున్నా రాదు. సున్నా వచ్చిందంటే దిద్దే యంత్రం దగ్గర ఏదో తేడా ఉంది. చూస్తే అదే జరిగింది. మోడల్ "సరైన సమాధానం బి" అని చక్కగా రాస్తోంది; దిద్దే స్క్రిప్టు మొదటి అక్షరం ఒక్కటే చూస్తోంది.

అక్కడితో ఆగకుండా పేరా మొత్తం మోడల్‌కు చేరుతోందో లేదో కూడా చూడమన్నాను. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి; 'పుస్తకాల్లో' అనే ఒక్క మాటే 33 బైట్లు. పాఠాన్ని మోడల్‌కు ముక్కలుగా కోసిచ్చే టోకెనైజర్ తెలుగు సరిగ్గా నేర్వకపోతే దాన్ని తునాతునకలు చేస్తుంది. పేరా కాస్త పెద్దదైతే మోడల్ ఒకేసారి చదవగల ముక్కల పరిమితి దాటిపోయి, చప్పుడు లేకుండా తెగిపోతుంది. ఆమె పేరాల్లో కొన్నిటికి మొదటి సగం లేనేలేదు.

రెండూ సరిచేసి వారం తర్వాత మళ్లీ రాసింది. ఈసారి 30 శాతం వచ్చిందట, చాలా సంతోషంగా ఉంది. ప్రశ్నలు ఎన్ని అని అడిగాను.

నలభై అట.