పాత చెక్క కెమెరా కొంటున్నారా? ముందు హోల్డర్లు అడగండి

పాత స్టాండ్ కెమెరా కొనాలనుకునేవాళ్లు సలహా కోసం పంపే ఫోటోలు దాదాపు అన్నీ ఒకే తీరు. ఎదురుగా ఒకటి, ఇత్తడి లెన్సు దగ్గరగా ఒకటి, ట్రైపాడ్ మీద నిలబెట్టి ఒకటి. హోల్డర్ (ఫిల్మును వెలుగు తగలకుండా దాచి కెమెరాలో దూర్చే పల్చటి పెట్టె) దూరే వెనక భాగం ఒక్కదాంట్లోనూ ఉండదు. "టేకు గట్టిగా ఉందండీ, తీసుకోమంటారా?" అని అడుగుతారు. వెనక భాగం చూడకుండా ఎవరూ దానికి జవాబు చెప్పలేరు.

అపోహ: ముందు కెమెరా కొనేద్దాం, హోల్డర్లు తర్వాత ఎక్కడైనా దొరుకుతాయి.

వాస్తవం: జనం డబ్బు ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే. డియర్‌డార్ఫ్, ఈస్ట్‌మన్ 2-డి లాంటి అమెరికన్ కెమెరాల్లో 4×5, 5×7, 8×10 అంగుళాల ఫిల్ము సైజులకు ఇప్పటి ప్లాస్టిక్ హోల్డర్లు మామూలుగా సరిపోతాయి. అది చూసి అన్నిటికీ అంతే అనుకుంటారు. థార్న్‌టన్-పికార్డ్, శాండర్సన్ లాంటి బ్రిటిష్ హాఫ్ ప్లేట్, హోల్ ప్లేట్ (ఇవి పాత గాజు ప్లేట్ల సైజుల పేర్లు) కెమెరాల సంగతి వేరు. హోల్డర్ జారే గాడి వెడల్పు, అంచు మందం, వెలుగు ఆపే గట్టు ఉండే చోటు కంపెనీకో రకం. కెమెరాతో పాటే చేసి, దాని గాడికి సరిపడేలా చెక్కి ఇచ్చేవారు. అలెప్పీలో తయారైన వాగీశ్వరి కొన్నా సరే, ఆ కెమెరాతో వచ్చిన హోల్డర్లే అడగండి. "హాఫ్ ప్లేట్ హోల్డర్" అని రాసి ఉన్నంత మాత్రాన మీ హాఫ్ ప్లేట్ కెమెరాలోకి దూరదు.

అమ్మేవాళ్ల దగ్గర చేయాల్సిన పరీక్ష ఇది. హోల్డర్‌ను గాడిలో చివరిదాకా తొయ్యండి. ఊగకూడదు, సుత్తితో కొట్టాల్సిన అవసరమూ రాకూడదు. డార్క్ స్లయిడ్ (ఫిల్ము ముందుండే జారుడు మూత) పూర్తిగా లాగి, లెన్సు బోర్డు (లెన్సు బిగించిన పలక) తీసేసి, ముందునుంచి లోపలికి చూడండి. వెనక నుంచి ఫోన్ లైటు అంచుల వెంట తిప్పితే సందు ఎక్కడుందో తెలిసిపోతుంది. పుస్తకంలా తెరుచుకునే రకం హోల్డర్లలో స్లయిడ్ మడత దగ్గర గుడ్డ అతికించి ఉంటుంది. ముందు చిరిగేది అదే.

తర్వాత లోతు కొలవాలి. వెర్నియర్ కాలిపర్ చివర బయటికొచ్చే సన్నపు పుల్ల ఇందుకు చాలు. హోల్డర్ అంచుల మీద అడ్డంగా స్టీలు స్కేలు పెట్టి, స్కేలు పైనుంచి లోపలున్న ఫిల్ము ముఖం దాకా కొలవండి. గ్రౌండ్ గ్లాస్ (వెనక ఫోకస్ చూసుకునే గరుకు గాజు) ఫ్రేము విప్పి, అది కెమెరాకు ఆనే అంచు మీద అదే స్కేలు పెట్టి, గాజు గరుకు వైపు దాకా కొలవండి. రెండు అంకెలూ కలవాలి. హాఫ్ ప్లేట్‌కు పావు మిల్లీమీటరు తేడా ఉన్నా నడుస్తుంది. మిల్లీమీటరు దాటితే మీరు ఎదుటి మనిషి కంటికి ఫోకస్ చేస్తారు, ఫిల్ము మీద పడేది వెనకున్న గోడ. పోల్చుకోవడానికి (మీ అంకెలోంచి స్కేలు మందం తీసేయండి): ప్రమాణం ప్రకారం ఫిల్ము లేని 4×5 హోల్డర్ లోతు 0.197 అంగుళాలు, అంటే 5 మి.మీ. 8×10కి 0.260 అంగుళాలు.

తేడా వస్తే ముందు గ్రౌండ్ గ్లాసునే అనుమానించండి. పగిలినప్పుడు ఎవరో కొత్తది వేసి ఉంటారు, తిరగేసి వేసి ఉంటారు. గరుకు వైపు ఎప్పుడూ లెన్సు వైపే ఉండాలి. 2 మి.మీ. గాజు తిరగబడితే ఫోకస్ దాదాపు 1.3 మి.మీ. తప్పుతుంది. లెన్సు బాగోలేదని అమ్మేసిన కెమెరాల్లో ఈ జబ్బున్నవీ ఉంటాయి. నాలుగు మరలు విప్పి గాజు తిప్పితే సరిపోయేది.

ఇంకొకటి. పాత హోల్డర్లు గాజు ప్లేట్ల కోసం చేసినవి. పల్చటి ఫిల్ము అందులో నిలవదు, వంగి జారిపోతుంది. ఫిల్మును పట్టుకునే నల్లటి రేకు తొడుగులు హోల్డర్‌లో ఉన్నాయేమో తెరిచి చూడండి. లేకపోతే ప్లేటు సైజుకు గాజు కోయించి, ఫిల్ము మూలలను సన్నటి రెండువైపుల టేపుతో దానికి అంటించి వాడుకోవచ్చు.

హోల్డర్లు అసలు లేని కెమెరాను వదిలేయాల్సిందేనా? అక్కర్లేదు. ఒద్దికగా పనిచేసే వడ్రంగి దొరికితే 4×5 స్ప్రింగ్ బ్యాక్ (హోల్డర్‌ను స్ప్రింగులతో నొక్కి పట్టే వెనక భాగం) బిగించే చెక్క ఫ్రేము చేయించుకోవచ్చు. కాకపోతే ఆ ఖర్చు కెమెరా ధరలోంచి తగ్గించి బేరం ఆడండి. హోల్డర్లు లేని కెమెరాకు హోల్డర్లున్న కెమెరా ధర ఇవ్వకండి.

అపోహ: బెల్లోస్‌కు (లెన్సుకూ వెనక భాగానికీ మధ్య సాగే మడతల సంచి) చిల్లు పడితే కెమెరా పని అయిపోయినట్టే.

వాస్తవం: చిల్లులను చూసి భయపడి మంచి కెమెరాలు వదిలేసుకుంటారు. చీకటి గదిలో లోపల చిన్న ఎల్ఈడీ లైటు పెట్టి, బెల్లోస్ పూర్తిగా సాగదీసి, మడతల మూలలు ఒక్కొక్కటీ చూడండి. సూదిబెజ్జాలు మూలల్లోనే వస్తాయి. ఐదారు కనబడితే గుడ్డకు వేసే నల్ల రంగు లోపలివైపు పల్చగా రెండు పూతలు వేస్తే తగ్గుతుంది. ఫోటో తీసేటప్పుడు బెల్లోస్ మీద నల్లగుడ్డ కప్పితే అదనపు ధీమా. మార్చక తప్పనిది తోలు పొడిగా రాలుతున్నప్పుడూ, లోపలి గుడ్డ మడత మడతకూ విడిపోతున్నప్పుడూ. అప్పుడైనా పాతది పారేయకండి. కొత్తది కుట్టేవాళ్లకు మడతల సంఖ్య, ముందు వెనక కొలతలు దాన్నుంచే తీయాలి.

సాగే పొడవు కూడా కొలవండి. 12 అంగుళాల లెన్సుతో దూరదృశ్యానికి 12 అంగుళాలు చాలు, వస్తువును అసలు సైజులో తీయాలంటే 24 కావాలి.

అపోహ: షట్టర్ లేని లెన్సుతో ఫోటోలు రావు.

వాస్తవం: మూత తీసి పెట్టడమే షట్టర్. ఐఎస్ఓ 80 ఫిల్ముకు చెట్టు నీడలో లెన్సు రంధ్రం ఎఫ్ 45కి తగ్గిస్తే ఎక్స్‌పోజర్ సెకను దగ్గరికి వస్తుంది. మూత చేత్తోనే తీసి మళ్లీ పెట్టొచ్చు. లెన్సు అంచున ఇంద్రధనుస్సు రంగులు కొంచెం కనబడితే లోపలి గాజుల అతుకు విడుతోందని అర్థం, ఫోటోకు పెద్ద నష్టం లేదు. బూజు గాజును తినేస్తే మాత్రం తీసుకోకండి. లెన్సు మీద అంకెలు 4, 8, 16, 32, 64 అని ఉండి, మధ్యలో 5.6, 11 లేకపోతే అవి పాత యు.ఎస్. (యూనిఫాం సిస్టమ్) పద్ధతి అంకెలు కావచ్చు. ఆ పద్ధతిలో 16 ఒక్కటే ఎఫ్ 16తో కలుస్తుంది. 64 అంటే ఎఫ్ 32.

అపోహ: ఫిల్మే దొరకదు కదా.

వాస్తవం: హాఫ్ ప్లేట్ అంటే 4¾×6½ అంగుళాలు. 5×7 ఫిల్మును కత్తిరిస్తే వస్తుంది. హోల్ ప్లేట్ 6½×8½, అది 8×10లోంచి వస్తుంది. ఖర్చు భరించలేనివాళ్లకు ఎక్స్‌రే ఫిల్ము ఉంది. మెడికల్ ఏజెన్సీలో అడిగేటప్పుడు ద్రావణంలో కడిగే రకమే అడగండి. ప్రింటరులో పెట్టే డ్రై ఫిల్ము ఇస్తారు, అది దీనికి పనికిరాదు. ఎర్రలైటు కింద కడుక్కోవచ్చు. రెండు వైపులా పూత ఉంటుంది, ట్రే అడుగున గాజు పరిస్తే గీతలు తగ్గుతాయి.

అపోహ: పాత చెక్క కెమెరాకు లక్షలు వస్తాయి. 

వాస్తవం: ఫార్వర్డ్ మెసేజ్‌లు నమ్మి ధర చెప్పకండి, ఇవ్వకండి. కొత్తగా చేసిన అలంకరణ బొమ్మలు కూడా "యాంటిక్" పేరుతో తిరుగుతున్నాయి. గ్రౌండ్ గ్లాస్ మీద తలకిందుల బొమ్మ పడకపోయినా, ఫోకస్ మర తిప్పితే ముందు భాగమో వెనక భాగమో కదలకపోయినా అది షోకేసు వస్తువు.

తాతగారి స్టూడియో కెమెరా అటక మీద ఉండి, ముట్టుకుంటే విరిగిపోతుందేమోనని జంకేవాళ్లకు ఒక మాట. మీ జాగ్రత్త సరైనదే. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి. చెక్కకు బెజ్జాలుంటే కింద తెల్ల కాగితం పరిచి వారం ఉంచండి. కొత్త పొడి రాలితే పురుగు బతికే ఉంది, ముందు దాని సంగతి చూడాలి. ఏళ్ల తరబడి మూసి ఉన్న బెల్లోస్‌ను ఒక్కసారిగా లాగకండి. మడతలు అంటుకుని ఉంటాయి, రోజుకు కొంచెం చొప్పున చేత్తో విడదీయండి. చెక్కకు, తోలుకు నూనె రాయొద్దు. ఇత్తడికి బ్రాసో పెట్టొద్దు. మెరుపు వచ్చినా పాత లక్క పూత పోతుంది, దాని కింది ఇత్తడి కొద్ది నెలల్లోనే నల్లబడుతుంది.