ధర పెరిగితే పదును పెరగదు: చాకులు, కత్తుల గురించి అపోహలు - వాస్తవాలు

"పదివేలు పెడతానండి, ఇక జన్మలో నూరే పని ఉండకూడదు. అలాంటి చాకు ఒకటి చెప్పండి." పాలకొల్లులో మా ఇనప సామాన్ల కొట్టుకి వచ్చి ఈ మాట అనేవాళ్లు వారానికి ఒకరైనా ఉంటారు. అలాంటి చాకు లేదండి. పదివేలకీ లేదు, లక్షకీ లేదు.

నేను కత్తులు అమ్ముతాను, సాన పడతాను, అన్నిటికన్నా ఇష్టంగా పోగుచేస్తాను. నా బీరువాలో ఉన్నవి చాలావరకు రెండు వేల లోపువే. ఖరీదైనవి చేతిలోకి తీసుకోకుండా ఈ మాట అనడం లేదు. సాన కోసం నా దగ్గరికి అన్ని రకాలూ వస్తాయి, వాదర (కోసే అంచు) దగ్గర ఏం జరిగిందో నా వేలికి తెలుస్తుంది. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

అపోహ: ఖరీదైన కత్తికి పదును ఎక్కువ, అది ఏళ్ల తరబడి నిలుస్తుంది.

జనం డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. అందుకే దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

కత్తి తెగడం ముందు దాని ఆకారాన్ని బట్టి ఉంటుంది. వాదర వెనకాల అలుగు, అంటే కత్తి రేకు, ఎంత పల్చగా ఉంది, రెండు వైపులా ఏ కోణంలో అరగదీశారు, ఇవి రెండూ చూడాలి. కూరగాయల చాకుకి ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీలు ఉంటే చాలు. ఐదారు వందల చాకునైనా ఆ కోణంలో సరిగ్గా నూరితే పండిన టమాటా మీద ఆనించి లాగగానే దిగుతుంది. పాతిక వేల కత్తి వాదర గుండ్రబడితే అదే టమాటాని నలిపేస్తుంది. డబ్బు ఎక్కువ పెడితే వచ్చేది పిడికి వాడిన కలప, మెరుగు, పేరు, దిగుమతి సుంకం, కాస్త గట్టి ఉక్కు. గట్టి ఉక్కు వల్ల పదును కొంత ఎక్కువ రోజులు నిలుస్తుంది, ఆ మాట నిజం. అయితే దానికి ఇంకో వైపు కూడా ఉంది, అమ్మేవాళ్లు దాని ఊసెత్తరు.

గట్టిదనాన్ని రాక్‌వెల్ సి అంకెల్లో కొలుస్తారు. విక్టోరినాక్స్ వంటింటి చాకులు 55, 56 దగ్గర ఉంటాయి. జపాన్ పద్ధతి ఖరీదైన కత్తులు 60 దాటతాయి. అంకె పెరిగేకొద్దీ ఉక్కు పెళుసెక్కుతుంది. 56 ఉన్న వాదర ఎముక తగిలితే వంగుతుంది, నాలుగు సార్లు స్టీలు కడ్డీ మీద రాస్తే నిలబడుతుంది. 62 ఉన్నది పెచ్చు ఊడుతుంది. మన వంటింట్లో కత్తికి పడే పనులు ఏమిటి? మామిడి టెంక, కొబ్బరి చిప్ప, మటన్ ఎముక, కొర్రమేను తల. ఆ పనులకి మెత్తటి ఉక్కే నయం.

రాజోలు దగ్గర్నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. చీరకొంగులో చుట్టిన కత్తి తీశారు. హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకు ఎనిమిది వేలు పెట్టి కొనిచ్చాడట. వాదర మీద మూడు చోట్ల అర్ధచంద్రాకారంలో పెచ్చులూడి ఉన్నాయి.

"కొబ్బరికాయ కొట్టాను బాబూ. పాడుచేసేశాను. మావాడికి తెలిస్తే బాధపడతాడండి" అన్నారు. అప్పటి నుంచీ దాన్ని బియ్యం డబ్బా వెనకాల దాచి, మళ్లీ కత్తిపీట వేసుకుని కూర్చుంటున్నారట.

"మీరేం పాడుచేయలేదమ్మా. ఇది కొబ్బరికాయకి చేసిన కత్తి కాదు. ఆ మాట అమ్మినవాళ్లు చెప్పాల్సింది" అన్నాను. నిజంగానే అట్ట పెట్టె మీద ఎక్కడా ఆ మాట లేదు, "ఎంత గట్టి పనికైనా" అని మాత్రం ఉంది. పెచ్చులు పోయేదాకా గరుకు రాయి మీద మధ్యాహ్నమంతా అరగదీసి ఇచ్చాను. ఉల్లిపాయలకీ బెండకాయలకీ హాయిగా వాడుకుంటున్నారిప్పుడు. ఇలా భయపడి, సిగ్గుపడి వచ్చేవాళ్లని చూస్తే నాకు కత్తి మీద కాదు, దాన్ని అలా అమ్మినవాళ్ల మీద కోపం వస్తుంది.

జేబు చాకులు కొనే కుర్రాళ్లకి ఇంకో ఇబ్బంది. ఇప్పుడు గొప్పగా చెప్పుకునే పొడి ఉక్కుల్లో, అంటే లోహపు పొడిని అదిమి చేసే ఉక్కుల్లో, వెనేడియం అనే లోహం ఎక్కువ. ఎస్90వి అనే రకంలో అది సుమారు 9 శాతం. వెనేడియం కార్బన్‌తో కలిసి ఏర్పడే కార్బైడ్ రేణువులు మన మామూలు సాన రాయికన్నా గట్టివి. అంటే రాయి వాటిని కోయలేదు, చుట్టూ ఉన్న ఉక్కునే అరగదీస్తుంది. సరిగ్గా నూరాలంటే డైమండ్ పలక కొనాలి. కత్తికే ఉన్నదంతా పెట్టేసినవాడి దగ్గర పలకకి డబ్బెక్కడిది? ఆ చాకు మొద్దుబారి డ్రాయర్లో పడి ఉంటుంది.

లేదా నేరుగా కరెంటు సాన చక్రం దగ్గరికి వెళుతుంది. అది ఇంకా నష్టం. నీళ్లు తగలని చక్రం మీద నిప్పురవ్వలు లేస్తుంటే చూడటానికి బావుంటుంది కానీ, వాదర వెంట్రుకంత సన్నం కాబట్టి క్షణంలో కాలిపోతుంది. అంచున నీలిరంగు కనిపించిందంటే అక్కడ దాదాపు 300 డిగ్రీల వేడి తగిలిందని అర్థం. ఆ వేడికి ఉక్కు మెత్తబడిపోతుంది. ఇంటికెళ్లాక రెండు రోజులు బాగా తెగుతుంది, మూడో రోజుకి మొద్దు. ఆ నీలి భాగం అరిగిపోయేదాకా ఎంత నూరినా అంతే. సైకిలు తొక్కుతూ వీధుల్లో తిరిగే సానవాళ్లని నేను ఇందులో కలపడం లేదు. వాళ్ల చక్రం నెమ్మదిగా తిరుగుతుంది, మధ్యమధ్యలో కత్తిని నీళ్లలో ముంచేవాళ్లని గుర్తుపెట్టుకుని వాళ్లకే ఇవ్వండి.

నేను ఎవరికైనా చెప్పేది ఒకటే లెక్క. రెండు వేలు ఉంటే సగానికి లోపే చాకు, మిగతాది రాయికి. ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు ఉండే కార్బొరండం రాయి కొన్ని వందల్లో వస్తుంది. నీళ్లు పోసుకోండి. రెండంగుళాల వెడల్పున్న కత్తి అయితే వెన్ను రాయి మీద నుంచి అరంగుళం పైకి లేవాలి, అది 15 డిగ్రీలు. చేయి ఆ ఎత్తులోనే ఉంచి ఒకే వైపు నూరుతూ పోండి. కాసేపటికి అవతలి వైపు వేలితో అడ్డంగా తడిమితే సన్నటి గరుకు తగులుతుంది. అదే బర్. మడమ (పిడి వైపు చివర) నుంచి మొన దాకా అది తగిలితేనే రెండో వైపు తిప్పాలి. చాలామంది ఇక్కడ తొందరపడి పది రాపిడ్లకే తిప్పేసి, "రాయి బాలేదండి" అంటారు. చివర నునుపు వైపు తేలిగ్గా రాసి బర్ తీసేయండి. పదును వచ్చిందో లేదో చూడటానికి వాదరను పైకి పెట్టి ట్యూబ్‌లైటు కింద అటూ ఇటూ తిప్పండి. పదునున్న చోట ఏమీ కనబడదు. మొద్దుగా ఉన్న చోట తెల్లటి గీత తళుక్కుమంటుంది. ఆ గీత ఉన్నంతవరకూ పని అవ్వనట్టే.

మా చేపల మార్కెట్లో పులస కోసే ఆవిడ కత్తిపీటది లారీ కమాన్ పట్టీ. కొలిమిలో సాగగొట్టించుకున్నది. అందులో కార్బన్ అర శాతం పైచిలుకు, గొప్ప ఉక్కేమీ కాదు. బూడిద చేత్తో చేపని పట్టుకుని, ముక్కకి ముక్క ఒకేలా దింపుతుంది. పక్కనే అరిగిపోయిన రాయి ముక్క. చేపకీ చేపకీ మధ్య రెండు రాపిడ్లు. అంతే.

అపోహ: డమాస్కస్ గీతలుంటే పురాతన ఉక్కు, అసలైనది.

ఇప్పుడు ఆ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు రెండు రకాల ఉక్కుల్ని పొరలుగా అతికి, మడిచి, ఆసిడ్‌లో ముంచినవి. ఒక ఉక్కు నల్లబడుతుంది, ఒకటి తెల్లగా ఉంటుంది. చూడ్డానికి అందంగా ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ గీత కోయదు. చాలా వంటింటి కత్తుల్లో ఆ పొరలు పై తొడుగే, కోసేది మధ్యలో ఉన్న మామూలు ఉక్కు. మరీ చవకబారు రకాల్లో అవి లేజరుతో గీసిన గీతలు. వెన్ను మీద చూడండి, గీతలు అక్కడికి కొనసాగకుండా అంచు దగ్గరే తెగిపోతే అనుమానించాల్సిందే. డమాస్కస్ కత్తులకి ఒకప్పుడు పేరు తెచ్చిన మూస ఉక్కు (మట్టి మూసలో కరిగించి చేసేది) మన తెలుగు నేల మీదే తయారైంది. నిజామాబాద్ వైపు కోనసముద్రం దానికి ప్రసిద్ధి, పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చి కొనుక్కెళ్లారు. ఆ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. "కోనసముద్రం ఉక్కుతో చేసింది, పన్నెండు వేలు" అని ఫోన్లో ఫొటోలు తిప్పేవాళ్లని దయచేసి నమ్మకండి.

అపోహ: అయస్కాంతం అంటుకుంటే స్టెయిన్‌లెస్ కాదు, నకిలీ.

తిరగేసి చెబుతున్నారు. గిన్నెలకి వాడే 304 రకానికి అయస్కాంతం దాదాపు అంటదు, దాన్ని కాల్చి నీళ్లలో ముంచినా గట్టిపడదు, కత్తికి పనికిరాదు. కత్తికి వాడే స్టెయిన్‌లెస్‌కి అంటుకోవాలి.

అపోహ: ఇనప కత్తితో కోస్తే మామిడికాయ నల్లబడింది, విషం.

ఆవకాయ రోజుల్లో దీని గురించి ఫోన్లు వస్తూనే ఉంటాయి. కంగారు పడకండి. కాయలోని పులుపు, వగరు ఇనుముతో కలిసి ఆ రంగు వస్తుంది. విషం కాదు. రుచిలో కాస్త ఇనుము తగలొచ్చు, అది గిట్టకపోతే పులుపు పనులకి స్టెయిన్‌లెస్ చాకు పెట్టుకోండి. అమ్మమ్మల నాటి కత్తిపీటలు ఈ భయంతో పాత ఇనపోళ్లకి వేసేస్తున్నారు, అదే నా బాధ.

అపోహ: ఖరీదైనవి లేకపోతే అది కలెక్షనే కాదు.

ఈ మాట కుర్రాళ్లని అప్పుల్లోకి దించుతోంది. ఫ్యాక్టరీలో వేలల్లో తయారయ్యే చాకు పెట్టె విప్పి ఒకసారి నూరగానే అమ్మకం ధర పడిపోతుంది. రేటు పెరుగుతుందని కొనకండి. మరి ఏం పోగుచేయాలి అంటే, పని కోసం పుట్టిన చాకులు పోగుచేయండి అంటాను.

ఒపినెల్ తీసుకోండి. ఫ్రాన్సులో సవోయ్ కొండప్రాంతంలో 1890లో జోసెఫ్ ఒపినెల్ రైతుల కోసం చేసిన మడత చాకు. బీచ్ చెక్క పిడి, ఒక అలుగు. అలుగు కదలకుండా పట్టే ఉంగరం 1955లో వచ్చింది. 8వ నంబరు అలుగు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. ఇప్పటికీ సామాన్యుడికి అందే ధరే. మన దగ్గర దానికి ఒక చిక్కుంది. గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో గాల్లో తేమకి చెక్క ఉబ్బి అలుగు బిగుసుకుపోతుంది, గోరు పెట్టి లాగితే గోరు విరగాలి తప్ప రాదు. పిడి వెనక కొసని బల్ల అంచుకి టప్పున కొట్టండి, అలుగు కాస్త బయటికి వస్తుంది. తర్వాత కీలు దగ్గర ఆరబెట్టి, అవిసె నూనె పట్టిస్తే మళ్లీ అంతగా ఉబ్బదు.

విక్టోరినాక్స్ కథా అంతే. కార్ల్ ఎల్సెనర్ 1884లో స్విట్జర్లాండులో ఇబాక్‌లో పని మొదలుపెట్టి, 1891లో అక్కడి సైన్యానికి చాకులిచ్చాడు. స్వీడన్‌లోని మోరా చాకులు, జపాన్‌లో మికి ఊరి హిగోనోకామి మడత చాకు, అన్నీ కూలి చేసుకునేవాళ్ల జేబులో తిరిగినవే. వాటి పక్కన నేను మన కత్తులు పెట్టాను. కడియం నర్సరీలో అంట్లు కట్టే చాకు, చిన్న అలుగు, కోత నున్నగా రాకపోతే అంటు అతకదు కాబట్టి దాని పదును మంగలి కత్తికి తీసిపోదు. అంబాజీపేట వైపు బొండాలు కొట్టే కత్తి, వెన్ను మందం, బరువంతా ముందుకే. వరి కోసే కొడవలి, వాదరంతా సన్నటి పళ్లు. పనిని బట్టి ఇనుము రూపం ఎలా మారిందో పక్కపక్కన పెట్టి చూస్తుంటే నాకు పొద్దు తెలియదు. వీటన్నిటి ఖరీదూ కలిపినా ఒక పేరున్న కత్తి రాదు.

మిగతావి త్వరగా.

తోలు ఒరలో దాస్తే భద్రం అనుకుంటారు. మన డెల్టా తేమకి తోలు చెమ్మ పీల్చుకుంటుంది, అలుగు లోపలే తుప్పు పడుతుంది. ఒర వేరే, కత్తి వేరే పెట్టండి. అలుగుకి కుట్టుమిషను నూనె పల్చగా రాయండి. వంట నూనెలు నెలలు గడిచేకొద్దీ జిగురు కడతాయి.

స్టెయిన్‌లెస్‌కి తుప్పే పట్టదనేది కూడా తప్పు. ఉప్పు చేప కోసి కడక్కుండా వదిలేస్తే చుక్కలు చుక్కలుగా పడుతుంది.

కత్తి బహుమతిగా ఇస్తే బంధం తెగుతుందంటారు. మనసులో పీకుతుంటే రూపాయి బిళ్ల పుచ్చుకుని ఇవ్వండి.

ఇంట్లో కత్తులు పోగేస్తే పోలీసులు పట్టుకుపోతారని పిల్లల మీద బెంగపెట్టుకునే తల్లిదండ్రులు వస్తారు. వాళ్ల భయం అర్థమవుతుంది, నెమ్మదిగానే చెబుతాను. ఆయుధాల నిబంధనల జాబితాలోకి వచ్చేవి అలుగు 9 అంగుళాలకన్నా పొడవో, 2 అంగుళాలకన్నా వెడల్పో ఉన్నవి. వాటిలోనూ ఇంటి పనికీ, వ్యవసాయానికీ, శాస్త్ర, పారిశ్రామిక పనులకీ చేసినవాటిని మినహాయించారు. వంటింటి కత్తి, కొడవలి, చిన్న జేబు చాకు ఇంట్లో ఉంచుకోవడం తప్పు కాదు. బాకులు, ఖడ్గాల్లాంటి పొడవాటివి ఆన్‌లైన్లో తెప్పించడం మాత్రం వద్దు. చిన్న చాకైనా సరే తీర్థానికో సంబరానికో నడుముకి పెట్టుకెళ్లొద్దు, అక్కడ ఆపి అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది మీరే. విమానం ఎక్కేటప్పుడు దాన్ని చేతి సంచిలో ఉంచుకోకుండా చెకిన్ సామానులో వేసేయండి.