ఓడ ఆగేది రేవులో, ఊళ్లో కాదు: మొదటి విదేశీ క్రూజ్‌పై అపోహలు - వాస్తవాలు

క్రూజ్ బుక్ చేసుకున్నాక అందరి దృష్టీ ఓడ మీదే ఉంటుంది. ఎన్ని అంతస్తులు, గదికి బాల్కనీ ఉందా, రాత్రిపూట షోలేంటి అని. మొదటిసారి వెళ్లేవాళ్లకు తిప్పలు వచ్చేది మాత్రం ఎక్కువగా ఓడ బయటే. విమానాశ్రయం నుంచి రేవుకి చేరే దారిలో కొన్ని, రేవులో దిగి ఊరు చూసి తిరిగొచ్చే దారిలో మరికొన్ని. వీటి గురించి చెలామణిలో ఉన్న మాటలు చాలావరకు ఒక రేవుకి నిజమైతే ఇంకో రేవుకి కావు. అందుకే ఊళ్ల పేర్లతో సహా చెబుతున్నాం.

అపోహ: టికెట్ మీద రోమ్ అని ఉంది కాబట్టి ఓడ రోమ్‌లోనే ఆగుతుంది.

వాస్తవం: ఆగేది చివితావెక్కియాలో. అక్కడి నుంచి రోమ్ 70 కిలోమీటర్ల పైమాటే. పారిస్ అని రాస్తే లె ఆవ్ర్, దాదాపు 200 కిలోమీటర్లు. బెర్లిన్ అంటే వార్నెముండె, ఇంకా ఎక్కువ. బస్సులోనైనా రైల్లోనైనా పోను మూడు గంటలు, రాను మూడు గంటలు. ఫ్లోరెన్స్ అంటే లివోర్నో, సుమారు 90 కిలోమీటర్లు. బ్యాంకాక్ అంటే లేమ్ చబాంగ్, ట్రాఫిక్ బాగుంటే రెండు గంటలు. ప్రకటనల్లో పెద్ద ఊరి పేరు పెద్దగా వేసి, అసలు రేవు పేరు పక్కన చిన్నక్షరాల్లో వేస్తారు. మ్యాప్‌లో వెతకాల్సింది ఆ చిన్నక్షరాల పేరు.

వెనిస్ సంగతి వేరే చెప్పాలి. 25,000 టన్నులు దాటిన ఓడలు ఊరి మధ్య నుంచి పోయే జూదెక్కా కాలువలోకి రాకుండా 2021 ఆగస్టు 1 నుంచి నిషేధం ఉంది. అప్పటి నుంచి వెనిస్ పేరుతో అమ్మే క్రూజ్‌లు చాలా రవెన్నా నుంచో ట్రియెస్టే నుంచో బయల్దేరుతున్నాయి. రవెన్నా నుంచి వెనిస్‌కి బస్సులో రెండు గంటలు దాటుతుంది. అది తెలియక వెనిస్‌లో హోటల్ తీసుకుని, ఓడ ఎక్కే రోజు పొద్దున్న టాక్సీ కోసం వెతుక్కోవడం మామూలైపోయింది.

రేవు పేరు తెలిస్తే సరిపోదు, టెర్మినల్ పేరు కూడా కావాలి. సింగపూర్‌లో రెండున్నాయి: మెరీనా బే దగ్గర ఒకటి, హార్బర్‌ఫ్రంట్ దగ్గర ఒకటి. న్యూయార్క్ అన్నది మాన్‌హాటన్ కావచ్చు, బ్రూక్లిన్ కావచ్చు, నది దాటి న్యూజెర్సీలోని బేయోన్ కూడా కావచ్చు. టాక్సీ డ్రైవర్‌కి "క్రూజ్ టెర్మినల్" అని చెబితే తనకి తెలిసినదానికి తీసుకెళ్తాడు. బోర్డింగ్ పాస్ మీద ఉన్న టెర్మినల్ పేరు, ఓడ పేరు రెండూ చూపించండి.

అపోహ: ఓడ 7 గంటలకు బయల్దేరుతుంది, 6:45కి వచ్చేస్తే చాలు.

వాస్తవం: మీకు సంబంధించినది బయల్దేరే టైం కాదు, ఆల్ ఎబోర్డ్ టైం, అంటే అందరూ ఓడలో ఉండి తీరాల్సిన టైం. అది మామూలుగా అరగంట ముందు ఉంటుంది, కొన్ని రేవుల్లో గంట ముందు. ఆ టైం దిగేచోట బోర్డు మీద రాసి పెడతారు, ఓడలో రోజూ ఇచ్చే దినచర్య కాగితంలో కూడా ఉంటుంది. ఆ తర్వాత గ్యాంగ్‌వే (ఓడెక్కే వంతెన) తీసేస్తే, ఓడ ఇంకా కట్టే ఉన్నా ఎక్కనివ్వరు.

లెక్క ఎప్పుడూ వెనక నుంచి వేయాలి. చివితావెక్కియానే తీసుకుందాం. ఓడ పొద్దున 7 నుంచి సాయంత్రం 7 దాకా ఉంటుంది, ఆల్ ఎబోర్డ్ 6:30. గంట మిగులు పెట్టుకుంటే 5:30కి ఓడ దగ్గర ఉండాలి. ఈ రేవు పెద్దది, లోపల నడవనివ్వరు, షటిల్ బస్సు ఎక్కాలి. స్టేషన్ నుంచి ఆ బస్సు దాకా, అక్కడి నుంచి ఓడ దాకా కలిపి ముప్పావు గంట వేసుకోండి. అంటే 4:45కి చివితావెక్కియా స్టేషన్‌లో దిగాలి. నిదానంగా వెళ్లే ప్రాంతీయ రైలుకి గంటా ఇరవై నిమిషాలు పడుతుంది కాబట్టి రోమ్‌లో 3:25కి రైలెక్కాలి. ఆ రైలు రద్దయితే? అందుకని దానికి ముందు రైలుకే సిద్ధపడి, 2:45కల్లా స్టేషన్‌లో ఉండాలి. ఇక పొద్దున పూట: ఓడ 7కి ఆగినా అధికారుల అనుమతి వచ్చి దిగేసరికి ఏడున్నర దాటుతుంది, స్టేషన్ చేరేసరికి ఎనిమిదిన్నర, రోమ్‌లో అడుగు పెట్టేసరికి 9:45. పన్నెండు గంటల ఆగుడులో మీకు దక్కే రోమ్ ఐదు గంటలు. కొలోసియం, వాటికన్ మ్యూజియం రెండూ లోపలికెళ్లి చూస్తామంటే కుదరదు. ఒకటి లోపల, రెండోది బయటి నుంచి. వాటికన్ వైపు అనుకుంటే చివరిదాకా వెళ్లకుండా సాన్ పియెత్రో స్టేషన్‌లో దిగితే టైం కలిసొస్తుంది.

ఇటలీ రైళ్లతో ఇంకో రెండు మెలికలున్నాయి. ప్రాంతీయ రైలు కాగితం టికెట్ కొన్నాక ప్లాట్‌ఫాం దగ్గరున్న చిన్న మెషిన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి, లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా. రెండోది, అక్కడ రవాణా సమ్మెల్ని మామూలుగా ముందే ప్రకటిస్తారు. షోపెరో (sciopero, ఇటాలియన్‌లో సమ్మె) అనే మాట, మీ తేదీ కలిపి వెతికితే తెలిసిపోతుంది.

అపోహ: ఫోన్‌లో టైం తప్పదు.

వాస్తవం: తప్పుతుంది, అదీ గంట తేడాతో. ఓడ తన గడియారాన్ని రేవు టైంకి మార్చవచ్చు, మార్చకపోవచ్చు. ఫోన్ మాత్రం ఒడ్డున టవర్ అందగానే అక్కడి టైంకి మారిపోతుంది. మయామీ నుంచి మెక్సికోలోని కోజుమెల్‌కి వెళ్లే ఓడ సంగతి చూడండి. శీతాకాలంలో రెండుచోట్లా ఒకటే టైం. వేసవిలో మయామీ గంట ముందుకి జరుగుతుంది, కోజుమెల్ జరగదు. ఓడ మయామీ టైంలోనే ఉంటే, మీ ఫోన్ 4 చూపిస్తున్నప్పుడు ఓడలో 5 అయిపోయి ఉంటుంది. చేతికి మామూలు వాచీ పెట్టుకుని, దిగేముందు ఓడ గడియారంతో సరిచూసుకోండి. ఇంతకన్నా చవకైన బీమా లేదు.

అదే ఫోన్ గురించి ఇంకో మాట. సముద్రం మీద అందే సిగ్నల్ ఉపగ్రహం ద్వారా ఓడ ఇచ్చేది. మామూలు అంతర్జాతీయ రోమింగ్ ప్యాక్‌లో చాలాసార్లు అది కలవదు, బిల్లు చూస్తే గుండె ఆగుతుంది. ఓడ కదిలే ముందే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టేయండి.

అపోహ: ఓడ వాళ్ల టూర్లు ఉట్టి దండగ, బయట సగం ధరకే వస్తాయి.

వాస్తవం: దీనికి ఎదురు అపోహ కూడా ఉంది, ఓడ వాళ్ల టూర్ తప్ప ఇంకేదీ తీసుకోకూడదని. రెండూ సగం సగమే నిజం. తేల్చాల్సింది దూరం.

ఓడ వాళ్ల టూర్‌లో మీరు ధర కట్టేది గైడ్‌కి ఒక్కడికే కాదు. ఆ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా తర్వాతి రేవుకి చేర్చే ఖర్చు కంపెనీ భరిస్తుంది. బెర్లిన్, పారిస్, ఫ్లోరెన్స్, బ్యాంకాక్ లాంటి చోట్ల ఆ హామీకి విలువుంది, మా సలహా అక్కడ ఓడ టూరే. అదే మాల్టాలోని వాలెట్టాలో ఓడ దిగి కొంచెం నడిచి లిఫ్ట్ ఎక్కితే నేరుగా బరాక్కా తోటల్లో తేలతారు. నార్వేలోని బెర్గెన్‌లో రేవే ఊరు. క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్‌లో పాత కోట రేవుకి మూడు కిలోమీటర్లు, సిటీ బస్సుంది. పిరేయస్ నుంచి ఏథెన్స్‌కి మెట్రో ఉంది. ఇలాంటిచోట బస్సులో నలభై మందితో కదిలి, ప్రతి ఆగుడులో అందరూ ఎక్కేదాకా కూర్చుని, చివర్లో ఏదో దుకాణం ముందు అరగంట నిలబడటానికి డబ్బు కట్టడం నిజంగానే దండగ.

మధ్యస్థంగా ఉన్నవి ప్రైవేటు కారుకి అనువు. టర్కీలోని కుషాదాసి నుంచి ఎఫెసస్ శిథిలాలు 20 కిలోమీటర్లే. ఓడ టూర్ ధర మనిషికి ఇంత, కారు ధర బండికి ఇంత. నలుగురైతే తేడా తెలుస్తుంది. డబ్బు కట్టేముందు మూడు సంగతులు రాతపూర్వకంగా అడిగి ఉంచుకోండి: ఓడ రేవులో ఆగకపోతే అడ్వాన్సు వెనక్కిస్తారా? ఎక్కించుకునేది రేవు గేటు లోపలా, బయటా? ఎన్నింటికి తిరిగి దింపుతారు? రెండోది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, చాలా రేవుల్లోకి ప్రైవేటు బళ్లను రానివ్వరు. మీరు ఓడ పక్కన, డ్రైవర్ గేటు బయట బోర్డు పట్టుకుని, ఒకరికోసం ఒకరు గంటసేపు చూస్తుంటారు.

ఆలస్యమైతే ఏమవుతుందో 2024 మార్చిలో అందరూ చూశారు. ఆఫ్రికా పడమటి వైపున్న సావో టోమే దీవిలో ప్రైవేటు టూర్‌కి వెళ్లిన 8 మంది ఆలస్యంగా తిరిగొచ్చారు. ఓడ కళ్లెదుటే లంగరేసి ఉంది. తీర రక్షక దళం బోటులో దాని దగ్గరదాకా తీసుకెళ్లినా ఎక్కించుకోలేదు. గాంబియాలో అందుకుందామని దేశాలు మారుతూ వెళ్తే, అక్కడ నీటిమట్టం చాలక ఓడ రేవులోకి రానేలేదు. చివరికి సెనెగల్‌లోని డకార్‌లో గానీ అది చిక్కలేదు.

అపోహ: ఓడ ఆగగానే దిగిపోవచ్చు.

వాస్తవం: లోతు చాలని చోట ఓడ సముద్రంలోనే లంగరేస్తుంది, చిన్న టెండర్ బోట్లలో ఒడ్డుకి చేరుస్తారు. ఓడ టూర్ తీసుకున్నవాళ్లు ముందు, మిగతావాళ్లు టోకెన్ తీసుకుని వరస ప్రకారం. తొలి టోకెన్ల కోసం త్వరగా లేవకపోతే గంట, గంటన్నర పోతుంది. పొద్దున 9కి ప్రైవేటు కారు చెప్పుకోవడం ఇలాంటి రేవుల్లో పొరపాటు.

గ్రీసులోని సాంటోరినీ దీవి దీనికి పరాకాష్ఠ. టెండర్ దింపేది కొండ కింద పాత రేవులో. పైన ఫిరా ఊరికి మూడే దారులు: 580కి పైగా మెట్లు, అవే మెట్ల మీద గాడిదలు, లేదా కేబుల్ కార్. కేబుల్ కార్ ఒక విడతకు తీసుకెళ్లేది 36 మందిని. ఒక ఓడ నుంచి 2,000 మంది దిగితే 55 విడతలు దాటుతాయి, రెండు మూడు ఓడలు ఒకేరోజు వస్తే లెక్క మీరే వేసుకోండి. పైకి పోయేటప్పటి క్యూ కన్నా దిగేటప్పటిది ప్రమాదం, ఎందుకంటే అందరూ చివరి టెండర్‌కే దిగుతారు. ఆఖరి టెండర్ టైంకి రెండు గంటల ముందే కేబుల్ కార్ క్యూలో ఉండండి. మోకాళ్లు బాగుంటే మెట్లు దిగడమే నయం, కాకపోతే గాడిద పేడ మీద జారని బూట్లు కావాలి.

అలలు ఎక్కువుంటే టెండర్ రేవును కెప్టెన్ వదిలేస్తాడు. ఓడ టూర్ డబ్బు వెనక్కొస్తుంది, రేవు పన్ను కూడా మామూలుగా వెనక్కిస్తారు. క్రూజ్ ధరలో తగ్గింపు మాత్రం ఆశించవద్దు.

అపోహ: ఏ రోజు వెళ్లినా ఊరు ఊరే.

వాస్తవం: ఫ్లోరెన్స్‌లో ఉఫీజి గ్యాలరీకి సోమవారం సెలవు, పారిస్‌లో లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం. ఇస్తాంబుల్‌లో తోప్‌కాపి ప్యాలెస్ మంగళవారం, గ్రాండ్ బజార్ ఆదివారం మూత. వాటికన్ మ్యూజియం నెలలో ఆఖరిది తప్ప మిగతా ఆదివారాలు తెరవరు. ఓడ ప్రోగ్రాంలో తేదీ ఉంటుంది, వారం మీరే చూసుకోవాలి.

అపోహ: ఓడ దిగకపోతే ఆ దేశం వీసా అక్కర్లేదు.

వాస్తవం: దారిలో ఉన్న ఒక్క దేశం వీసా లేకపోయినా చెక్-ఇన్ దగ్గరే ఆపేయవచ్చు. ఇటలీలో ఎక్కి, టర్కీ చూసి, గ్రీసుకి వస్తే షెంగెన్ (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల కూటమి) నుంచి బయటికెళ్లి మళ్లీ లోపలికొచ్చినట్టే, కాబట్టి షెంగెన్ వీసా కావాల్సినవాళ్లకు మల్టిపుల్ ఎంట్రీ ఉండాలి. సింగిల్ ఎంట్రీతో వచ్చి రేవులో నిలబడిపోయేవాళ్లు ప్రతి సీజన్‌లోనూ ఉంటారు.

అపోహ: ఎక్కే రోజు పొద్దున విమానం దిగితే చాలు, దిగే రోజు పొద్దున్నే విమానం పట్టుకోవచ్చు.

వాస్తవం: చెక్-ఇన్ ఓడ బయల్దేరడానికి గంట, గంటన్నర ముందే మూసేస్తారు. ముందు రోజే ఆ ఊరు చేరండి. ఒకవేళ సూట్‌కేసు రాకపోయినా మర్నాటికి దొరికే వీలుంటుంది. ఓడ కదిలిపోయాక అయితే అది రేవు నుంచి రేవుకి మిమ్మల్ని వెతుక్కుంటూ రావాలి. ఒక చిక్కేంటంటే, కంపెనీ అమ్మే విమానాశ్రయం ట్రాన్స్‌ఫర్ బస్సు చాలావరకు ఓడ ఎక్కే రోజుకే పనికొస్తుంది. ముందురోజు వస్తే హోటల్‌కి, హోటల్ నుంచి రేవుకి బండి మీరే చూసుకోవాలి.

చివరి రోజు ఓడ పొద్దున 7కి ఆగినా అందరూ దిగేసరికి 9:30, 10 అవుతుంది. విమానం మధ్యాహ్నం 12 తర్వాతిది తీసుకోండి, చివితావెక్కియా లాంటి దూరపు రేవైతే 2 తర్వాత. ముందురోజు రాత్రి 10, 11 లోపు సూట్‌కేసులు గది బయట పెట్టమంటారు. పాస్‌పోర్ట్, మందులు, మర్నాడు వేసుకునే బట్టలు, చెప్పులు చేతిసంచిలోనే ఉంచండి. నైట్‌డ్రెస్‌తో కస్టమ్స్ దాకా నడిచేవాళ్లు నిజంగానే ఉంటారు. చివరి రేవులో స్కూబా డైవింగ్ వద్దు. ఒకటికి మించి డైవ్‌లు చేస్తే విమానం ఎక్కడానికి కనీసం 18 గంటల ఎడం ఉండాలి.

అపోహ: బఫే నుంచి ఓ ఆపిల్, అరటిపండు సంచిలో వేసుకుంటే తప్పేముంది.

వాస్తవం: ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో అక్కడికక్కడే జరిమానా. చాలా దేశాల్లో ఓడ ఆహారం ఒడ్డుకి తేకూడదు.

దిగేముందు దినచర్య కాగితాన్ని ఫోటో తీసుకోవడం మర్చిపోవద్దు. అందులో పోర్ట్ ఏజెంట్ (ఆ రేవులో ఓడ కంపెనీ ప్రతినిధి) పేరు, నంబరు ఉంటాయి. ఓడ తప్పితే మొదటి ఫోన్ ఆయనకే చేయాలి. చాలా ఓడల్లో సిబ్బంది మీ గది లాకర్ తెరిచి, పాస్‌పోర్ట్ దొరికితే ఆయన చేతికే ఇచ్చి వెళ్తారు.