పెట్రోలు బండా, కరెంటు బండా? ముందు మీటరు చూడండి

చిరంజీవులకు ఆశీస్సులు.

పెట్రోలు ఇంత ఖరీదు ఎందుకయింది, కరెంటు కారు కొంటే నిజంగా డబ్బు మిగులుతుందా అని రెండు ప్రశ్నలు రాశారు. మొదటిది బంకు రసీదు చూస్తే తెలియదు. రెండోది షోరూములో అడిగితే సగమే చెబుతారు. కాగితం, పెన్సిలు పక్కన పెట్టుకుని చదవండి, లెక్కలున్నాయి.

మన దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి దేశాల నుంచే వస్తుంది. దాన్ని బ్యారెళ్ళ లెక్కన, డాలర్లలో కొంటారు. బ్యారెల్ అంటే సుమారు 159 లీటర్లు. బ్యారెల్ 70 డాలర్లు, డాలరు 86 రూపాయలు అనుకోండి, లీటరు ముడి చమురు దాదాపు 38 రూపాయలు పడుతుంది. మరి 2025 మధ్యలో హైదరాబాదు బంకులో లీటరు పెట్రోలు 107 రూపాయల 50 పైసలకు అటూ ఇటూగా ఎందుకుంది? శుద్ధి ఖర్చు, రవాణా, కంపెనీ లాభం అన్నీ కలిసి డీలరు దగ్గరికి వచ్చేసరికి 53, 54 రూపాయలవుతుంది. దానిమీద కేంద్రం ఎక్సైజు సుంకం సుమారు 22, బంకు యజమాని కమీషను 4 రూపాయల దాకా. ఇంతవరకూ అయిన మొత్తం మీద తెలంగాణ 35.2 శాతం వ్యాట్ (రాష్ట్రం వేసే అమ్మకం పన్ను) వేస్తుంది, అదొక్కటే 28 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో వ్యాట్ 31 శాతం, దానికి తోడు లీటరుకు 4 రూపాయలు, రోడ్ల సెస్సు ఇంకో రూపాయి. అందుకే విజయవాడలో ధర హైదరాబాదు కన్నా కాస్త ఎక్కువే ఉంటుంది. పెట్రోలు, డీజిలు ఇప్పటికీ జీఎస్టీలోకి రాలేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. కేంద్రం సుంకం లీటరుకు ఇంత అని ఉంటుంది. వ్యాట్‌లో ఎక్కువ భాగం శాతం లెక్క. అంటే చమురు ధర పెరిగితే, ఎవరూ కొత్త ఉత్తర్వు ఇవ్వకుండానే రాష్ట్రానికి వచ్చే పన్ను కూడా పెరుగుతుంది.

పెరిగినప్పుడు సరే, చమురు చవకైనప్పుడు బంకులో ఎందుకు తగ్గదు? 2020లో కరోనా వచ్చి ప్రపంచమంతా బళ్ళు ఆగిపోయాయి, ముడి చమురు పాతాళానికి పడిపోయింది. అప్పుడే కేంద్రం పెట్రోలు మీద సుంకాన్ని మార్చిలో 3 రూపాయలు, మేలో 10 రూపాయలు పెంచింది. లీటరుకు 19.98 ఉన్నది 32.98 అయింది. తగ్గిన ధర మన జేబు దాకా రాకుండా ఖజానాకు వెళ్ళింది. తరువాత 2021 నవంబరులో 5, 2022 మేలో 8 తగ్గించారు. ఆ మధ్యలో, 2022 ఏప్రిల్‌లో, హైదరాబాదులో లీటరు 119 రూపాయలు దాటిన రోజులున్నాయి. 2017 జూన్ 16 నుంచి ధర ఏ రోజుకారోజు మారాలని నియమం. అయినా 2022 మే నుంచి 2024 మార్చి దాకా హైదరాబాదులో 109.66 దగ్గరే కదలకుండా కూర్చుంది. నియమం ఒకటి, నడత ఒకటి.

ఇక కరెంటు కారు.

చిన్న, మధ్యరకం ఎలక్ట్రిక్ కారు ఊళ్ళో తిరిగితే, గోడ ప్లగ్గు దగ్గర తీసుకున్న ఒక యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు వస్తుంది. కారు తెర మీద ఇంకా ఎక్కువ చూపిస్తుంది, నమ్మకండి. అది బ్యాటరీలోంచి బయటికి వచ్చిన కరెంటు లెక్క. గోడ నుంచి బ్యాటరీలోకి ఎక్కేటప్పుడే 10 నుంచి 15 శాతం వేడిగా పోతుంది, బిల్లు మాత్రం మొత్తానికీ కట్టాలి.

నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే ఇల్లు తీసుకుందాం. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారుకు 67 లీటర్లు, అంటే సుమారు 7,170 రూపాయలు. కరెంటు కారుకు 150 యూనిట్లు కావాలి. యూనిట్ ఎంత? పాత బిల్లును మొత్తం యూనిట్లతో భాగించి "సగటున నాలుగు రూపాయలేగా" అంటారు చాలామంది. తప్పు అక్కడే జరుగుతుంది. కారు యూనిట్లు మీ ఇంటి యూనిట్ల పైన కూర్చుంటాయి, పై శ్లాబులో పడతాయి. తెలంగాణలో నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి మొదటి వంద 3.40 చొప్పున, రెండో వంద 4.80 చొప్పున 820 రూపాయలు. కారు వచ్చి 350 అయిందనుకోండి, 200 దాటినందుకు మొదటి 200 యూనిట్ల రేటే 5.10కి మారిపోతుంది. ఆ పైన వంద 7.70 చొప్పున, మిగతా 50 తొమ్మిది రూపాయల చొప్పున. మొత్తం 2,240. అంటే కారు కోసం అదనంగా 1,420 రూపాయలు, యూనిట్ తొమ్మిదిన్నర పడినట్టు. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఇంటికి 225 దాకా 6 రూపాయలు, ఆ పైన 8.75 చొప్పున 150 యూనిట్లకు 1,244 అవుతుంది. 400 దాటితే 9.75.

ఇలా లెక్కించినా పెట్రోలు కన్నా నెలకు 5,750 మిగులుతుంది. చిన్న మొత్తం కాదు. కానీ ఇంట్లో ప్లగ్గు లేక ప్రతిసారీ బయటి ఫాస్ట్ చార్జరు దగ్గరికే వెళ్ళాలంటే, 18 శాతం జీఎస్టీతో కలిపి యూనిట్ 18 నుంచి 25 రూపాయల దాకా పడుతుంది. 22 అనుకుంటే నెలకు 3,300. మిగులు 3,870కి దిగుతుంది, పైగా వారానికి ఒకసారో రెండుసార్లో చార్జరు దగ్గర పడిగాపులు.

కొనేటప్పుడు ఎంత ఎక్కువ పెట్టాలో ఇప్పుడు చూద్దాం. ఒకే సైజు కార్లు, పెట్రోలుది 9 లక్షలు, కరెంటుది 12.5 లక్షలు అనుకోండి. తెలంగాణలో ఆ పెట్రోలు కారుకు లైఫ్ ట్యాక్స్ 14 శాతం, అంటే 1,26,000. కరెంటు కారుకు 2024 నవంబరు విధానం ప్రకారం 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను ఫీజు లేవు. కనుక అసలు తేడా 2,24,000. ఇంట్లో వైరింగు ఖర్చు కలిపితే 2,40,000 అనుకోవచ్చు. నెలకు 5,750 మిగిలితే మూడున్నర ఏళ్ళలో తీరిపోతుంది. అదే నెలకు 400 కిలోమీటర్లే తిరిగే ఇంటికి మిగిలేది 2,200. తీరడానికి తొమ్మిదేళ్ళు, అంటే సాధారణంగా ఇచ్చే 8 ఏళ్ళ బ్యాటరీ వారంటీ ముగిశాక. ఆ తేడాను అప్పు చేసి పెడితే, 9 శాతం వడ్డీకి అయిదేళ్ళకు లక్షకు నెలకు 2,076 వాయిదా. 2,24,000కు 4,650. మొదటి ఇల్లు మిగులుతోనే ఆ వాయిదా కట్టుకుంటుంది, రెండో ఇంటికి ఆ మిగులు చాలదు.

ఇదంతా ఎలాగూ కొత్త కారు కొనబోయేవాళ్ళ లెక్క. ఇంట్లో బాగా నడుస్తున్న అయిదేళ్ళ కారును అమ్మేసి మారాలంటే తేడా 2,24,000 కాదు, పాత కారుకు వచ్చింది పోను మిగతా ధరంతా. 9 లక్షల అప్పుకు నెలకు 18,700 వాయిదా. పెట్రోలు మిగులు అందులో మూడో వంతు కూడా తీర్చదు. పెట్రోలు ధర మీద కోపంతో ఈ పని చేసేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది.

2025 సెప్టెంబరు 22న చిన్న పెట్రోలు కార్ల జీఎస్టీ సెస్సుతో కలిపి 29 ఉన్నది 18 శాతానికి తగ్గింది. కరెంటు కార్ల మీద 5 శాతం అలాగే ఉంది. అంటే ఆ రోజుతో రెంటి ధరల మధ్య దూరం పెరిగింది. అంతకుముందు రాసిన లెక్కలు ఎక్కడైనా కనిపిస్తే తేదీ చూసుకోండి.

బ్యాటరీని అద్దెకిచ్చే పద్ధతి కూడా ఉంది. 2024లో ఎంజీ కంపెనీ కరెంటు కారు విండ్సర్‌ను 9.99 లక్షలకు, బ్యాటరీకి కిలోమీటరుకు 3.50 చొప్పున తెచ్చారు. 3.50కి కరెంటు 1.42 కలిపితే 4.92. పెట్రోలుకు 7.17. కిలోమీటరుకు మిగిలేది 2.25 మాత్రమే. నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లకు కట్టాల్సిందే అనే షరతు ఒప్పందంలో ఉందేమో నాన్నను చదవమనండి.

ఇప్పుడు నిజంగా తంటా వచ్చే చోటు, ప్లగ్గు. 3.3 కిలోవాట్ల చార్జరు 14 ఆంపియర్లకు పైగా లాగుతుంది. గీజరు పావుగంటలో ఆగిపోతుంది, కారు ఎనిమిది గంటలు ఆగకుండా లాగుతుంది. అందుకే గీజరుకు పనికొచ్చిన సాకెట్టు కారుకు పనికిరాదు. లోపల స్క్రూ కాస్త వదులైనా అక్కడ వేడి పుడుతుంది, ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరుగుతుంది, కాలిన వాసన వస్తుంది. మీటరు బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 20 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపే స్విచ్చి), కరెంటు లీకై 30 మిల్లీఆంపియర్లకు చేరితే ఆపేసే ఆర్‌సీసీబీ, ఇండస్ట్రియల్ రకం 16 ఆంపియర్ల సాకెట్టు పెట్టించాలి. 7.2 కిలోవాట్ల గోడ చార్జరైతే తీగ కనీసం 6, ఎంసీబీ 40. ఎక్స్‌టెన్షన్ బోర్డు జోలికి అసలు పోవద్దు.

కొత్త కారు చార్జింగు ఎక్కడం లేదని షోరూముకు ఫోన్లు చేసేవాళ్ళలో చాలామందికి కారులో లోపం ఉండదు, ఇంట్లో ఎర్తింగు ఉండదు. ఎర్తు సరిగా లేకపోతే చార్జరు కరెంటు తీసుకోనంటుంది, ఎర్ర దీపం వెలిగించి ఊరుకుంటుంది. ఎర్తు గొయ్యి ఎండిపోయిందేమో చూసి, నీళ్ళు పోయించి, ఎలక్ట్రీషియన్‌తో కొలిపించాలి. 5 ఓమ్‌ల లోపు ఉంటే నిశ్చింత. మంజూరైన లోడు, అంటే ఒకేసారి వాడుకోవడానికి ఇంటికిచ్చిన హద్దు, 2, 3 కిలోవాట్లే ఉంటే కారు పెట్టేముందు డిస్కంలో (కరెంటు సరఫరా కంపెనీలో) పెంచుకోవాలి. అపార్ట్‌మెంటైతే సెల్లారులో మీ పార్కింగు దగ్గరికి మీ మీటరు నుంచే తీగ రావాలి. ఉమ్మడి మీటరు నుంచి తీస్తే మూడో నెలకే అసోసియేషన్‌లో తగవు.

ఎండ సంగతి. రెంటచింతల, రామగుండం వైపు 44, 45 డిగ్రీలు కాస్తాయి. దూరం నడిపి వచ్చి, బ్యాటరీ బాగా వేడిగా ఉన్నప్పుడే ఫాస్ట్ చార్జరుకు తగిలిస్తే, కారే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అది లోపం కాదు. అలాగే 80 శాతం దాటాక నెమ్మదిస్తుంది, బిందె అంచుకు వచ్చాక కుళాయి ధార తగ్గించినట్టు. అందుకే దారిలో 80 దాకా పెట్టుకుని కదలడమే మేలు. ఇంట్లో మాత్రం ఎల్‌ఎఫ్‌పీ (లిథియం, ఇనుము, ఫాస్ఫేటు) రకం బ్యాటరీని వారానికి ఒకసారి 100 దాకా నింపాలి. దాని వోల్టేజి చాలా సేపు ఒకేలా ఉంటుంది కాబట్టి, నిండితే తప్ప ఎంత మిగిలిందో కారుకు కచ్చితంగా తెలియదు. ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీసు, కోబాల్టు) రకమైతే రోజువారీకి 80 చాలు.

హైదరాబాదు నుంచి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు. 30 యూనిట్ల బ్యాటరీ ఏసీ వేసి, హైవే మీద వందలో నడిపితే 200 దాటడం కష్టం. సూర్యాపేట దగ్గర ఒకసారి ఆగాల్సిందే. 20 నుంచి 80 శాతానికి 18 యూనిట్లు, ముప్పావు గంట. అక్కడ చార్జరు పాడైనా, ముందు రెండు కార్లున్నా ఇంకోచోటికి వెళ్ళేంత చార్జి ఉండాలి. 20 శాతం చేతిలో ఉండగానే చేరాలనడం అందుకే. వంద నుంచి ఎనభైకి వేగం తగ్గిస్తే దూరం బాగా పెరుగుతుంది, గాలి ఎదురు అంత తగ్గుతుంది.

ఇంజను ఆయిలు, క్లచ్చు ఖర్చులు ఉండవు, టైర్లు మాత్రం త్వరగా అరుగుతాయి. బీమా కారు ధరను బట్టి కాస్త ఎక్కువే.

ఇప్పుడు మీ పని. ఈ నెల ఒకటో తారీఖున, వచ్చే నెల ఒకటిన కారు ఓడోమీటరు అంకె రాయండి. గత మూడు నెలల కరెంటు బిల్లుల్లో యూనిట్లు, మంజూరైన లోడు రాయండి. పార్కింగు నుంచి మీటరు దాకా ఎన్ని మీటర్లో టేపుతో కొలవండి. ఆ అంకెలన్నీ ఒక కాగితం మీద నాకు పంపితే, మీ ఇంటి లెక్క విడిగా వేసి రాస్తాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న