టిక్కుమనే డబ్బా, నీడకి ఉరికే తొండ

తిరుపతి నుంచి ఒక తమ్ముడు అడిగినాడు: "అన్నా, బియర్డెడ్ డ్రాగన్ (పెంచుకునే ఆస్ట్రేలియా తొండ) పెట్టెకి థర్మోస్టాట్, అదే వేడిని అదుపు చేసే డబ్బా, తగిలించినా, 40 డిగ్రీలు పెడితే 40లో నిలబడదే, 39కి పడిపోతా ఉంది, 41 దాకా ఎక్కుతా ఉంది, డబ్బా పాడైపోయిందా?" లేదు నాయనా, దాని పనే అది.

ఇస్త్రీపెట్టె చూడు. లోపల రెండు లోహాలు అతికించిన రేకు ఒకటి ఉంటుంది, వేడికి ఒకటి ఎక్కువ సాగుతుంది ఇంకోటి తక్కువ, దాంతో రేకు వంగి కరెంటు తెగుతుంది, లైటు ఆరిపోతుంది, మళ్ళీ కొంచెం చల్లారితేనే అతుక్కుంటుంది. ఆగే వేడి వేరు, మొదలయ్యే వేడి వేరు. ఈ తేడానే హిస్టరెసిస్. నీ డిజిటల్ డబ్బాలో రేకు బదులు వేడిని కొలిచే సెన్సార్, కరెంటుని కలిపి తెంపే రిలే అనే స్విచ్ ఉంటాయి, తేడా మాత్రం కావాలనే పెడతారు. అది లేకుంటే సరిగ్గా 40 దగ్గర రిలే టకటకా కొట్టుకుని పాయింట్లు కాలిపోతాయి. పైగా సిరామిక్ హీటర్ దోసెపెనం లాంటిది, స్టవ్ ఆపినాక కూడా ఇంకో దోసె కాలుతుంది కదా, అట్లా కరెంటు ఆగినా వేడి ఎక్కుతూనే ఉంటుంది. వెలిగే బల్బుకి మాత్రం ఈ ఆన్-ఆఫ్ రకం వద్దు, జీవి కళ్ళ ముందు రోజుకి వందసార్లు తెల్లారి చీకటి పడుతుంది, దానికి బల్బుని ఆర్పకుండా వెలుగు తగ్గిస్తా పెంచే డిమ్మింగ్ థర్మోస్టాట్ కావాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలిచ్చే యూవీబీ లైటుకి టైమర్ చాలు.

అసలు థర్మోస్టాట్ ఆ జీవే. అలిపిరి దారిలో బండ మీద తొండని గమనించినారా? పొద్దున్నే ఎండకి పరుచుకుంటుంది, ఒళ్ళు కాలినాక నీడకి ఉరుకుతుంది, అక్కడ కాస్త చల్లబడేదాకా ఉండి మళ్ళీ బండెక్కుతుంది. దానికీ పై హద్దొకటి, కింద హద్దొకటి, మధ్యలో గ్యాప్! శేషాచలం బంగారు బల్లి రాత్రి తిరిగేది, పగలు రాతి సందుల్లో దాక్కుంటుంది. మనోళ్ళు కంచికి పోయి బంగారు బల్లిని తాకొస్తారు గానీ, నిజం బల్లి మన కొండలోనే ఉందని చాలామందికి తెలీదు.

అందుకే పెట్టె అంతా ఒకే వేడి చేస్తే అది అటూ ఇటూ తిరిగే పనే పోతుంది. ఒక చివర 40, ఇంకో చివర 26 అట్లా ఉండాల. ప్రోబ్, అంటే వైరు కొసన ఉండే సెన్సార్, వేడి చివర, అది పడుకునే చోటే కదలకుండా కట్టాల, అద్దానికి అంటిస్తే తప్పు లెక్క చూపిస్తుంది.

ఇంకోటి, మే నెలలో తిరుపతిలో గదే 40 దాటితే థర్మోస్టాట్ ఏం చేస్తుంది? హీటర్ ఆపుతుంది, అంతే, చల్లబరచడం దానికి రాదు. జీవి నోరు తెరిచి కూర్చుంటుంది. చెమట పట్టని ఒంటికి ఫ్యాన్ గాలి కూడా అదే 40. మన చిత్తూరు వైపు నాటుకోళ్ళ గుడ్లు పొదిగించేవాళ్ళు వాడే కంట్రోలర్లలో కొన్నింటికి కూలింగ్ రిలే కూడా ఉంటుంది, దానికి చిన్న కూలర్ తగిలించి, పెట్టె చల్ల చివర రెండో ప్రోబ్ పెట్టుకో.